కిర్రు చెప్పులు కొరికిన కుక్కపిల్ల

మా పెద్దపాపకు ఐదో నెల నిండాక నంద్యాలలోని పుట్టింటి నుంచి ఆళ్లగడ్డలోని అత్తగారింటికి బయలుదేరాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చి రెండు మూడేళ్లయి ఉంటుంది. బస్సులో నా ఒళ్లో పాప, కాళ్ల దగ్గర వెదురు గంప, గంపలో కళ్లు మిటకరిస్తూ ఒక కుక్కపిల్ల. రుద్రవరం దోవలో ఉన్న మా మామ చేనును అడవి పందులు తవ్విపోస్తున్నాయనీ, కావలి ఉండే ముసలి కుక్క చచ్చిపోయిందనీ విని, మా నాయన తెలిసినవాళ్ల ఇంట్లో పుట్టిన పిల్లను అడిగి తెచ్చాడు.

"మీ మామకు ఇయ్యి. దీనెమ్మ మంచి కావలిది" అన్నాడు.

మా మామంటే ఇంట్లో అందరికీ హడలు. ఆరడుగుల మనిషి, తలకు రుమాలు, కాళ్లకు కిర్రు చెప్పులు. ఆ చెప్పుల చప్పుడు వీధి మొదట్లో వినబడగానే మా అత్త కొంగు సర్దుకునేది. కొట్టంలో జీతగాళ్లు బీడీలు ఆర్పేసేవాళ్లు. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆయన నాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ రోజు గంపలోకి వంగి చూసి "సరే" అన్నాడు. పాపను దూరం నుంచే ఒకసారి చూశాడు. పెద్దరికం ఉన్న మగవాళ్లు పసిపిల్లల్ని ఎత్తుకోవడం ఆ ఇళ్లల్లో లేదు కాబట్టి నేనూ ఏమీ అనుకోలేదు.

కొన్నాళ్లు కుక్కపిల్ల బుద్ధిగానే ఉంది. ఎండలు ముదిరేసరికి దానికేమైందో తెలియదు, కనబడిందల్లా కొరకడం మొదలుపెట్టింది. చేట అంచు పోయింది. నులక మంచం తాళ్లు తెగి వేలాడాయి. ఒకరోజు ఎద్దును కట్టిన పలుపుతాడు కొరికేస్తే ఎద్దు తెంచుకుని పోయి పక్కవాళ్ల గడ్డివాములో తలపెట్టింది. మా ఆయన ఎద్దును పట్టుకొచ్చి కట్టేసి, చెమటలు తుడుచుకుంటూ, "దీన్ని చేనికాడ ఇడ్సి వస్తా. ఇంట్లో పెట్టుకునే కుక్క కాదిది" అన్నాడు.

"పిల్లముండ. చేనికాడ పందులు బతకనిస్తాయా?" అని మా అత్తే అడ్డుపడింది. వేపాకు మెత్తగా నూరి మంచం కోళ్లకూ, తలుపు అంచులకూ పూసింది. కుక్కపిల్ల నాలుక పెట్టి, తల విదిలించి, తుమ్ముకుంటూ పోయింది. ఆ తర్వాత మంచం జోలికి రాలేదు. కానీ దేకుతూ పోయిన మా పాప ఆ కోడునే పట్టుకుని నోట పెట్టుకుంది. చేదుకు దాని మొహం ముడుచుకుపోయిన తీరు చూసి ఏడవాలో నవ్వాలో తెలియలేదు నాకు. పాప కూడా అప్పుడు చేతికందినదల్లా నోట్లో పెట్టుకుంటూ, చొంగ కారుస్తూ, ఏడుస్తూ ఉండేది.

ఒక మధ్యాహ్నం మామ అరుగు మీద పడుకున్నాడు. నేను వాకిట్లోకి వచ్చి చూసేసరికి కుక్కపిల్ల ముందర ఆయన ఎడమకాలి చెప్పు ఉంది. పైన వారు తెగిపోయింది. మడమ దగ్గర తోలు పీలికలైంది. ఆముదంలో నానబెట్టి, నెలల తరబడి కాచుకుని కుట్టించుకున్న చెప్పులవి. మా ఆయన కట్టె తీసుకుని వచ్చాడు. కుక్కపిల్ల గాదె కింద దూరింది. ఆ అలికిడికి మామ లేచాడు.

చెప్పు చూశాడు. కొడుకు చేతిలో కట్టె చూశాడు.

"కట్టె ఆడ పెట్టు" అన్నాడు.

గాదె దగ్గరికి వచ్చి నేల మీద గొంతుక్కూర్చున్నాడు. నాలుకతో టక్ టక్ మనిపించాడు. చాలాసేపు ఏమీ కాలేదు. ఆయన కదల్లేదు. చివరికి అది పొట్ట నేలకేసి రాసుకుంటూ బయటికి వచ్చి ఆయన పాదాల దగ్గర పడుకుంది. ఆ పెద్ద చేత్తో దాని దవడ పట్టుకుని, బొటనవేలితో పెదవి పైకెత్తాడు. చిగుళ్ల మీద నెత్తురు.

"అమ్మా, ఇట్ల రా" అన్నాడు.

నన్నే పిలుస్తున్నాడని తెలియడానికి కాసేపు పట్టింది. దగ్గరికి పోయాను. ఆయన అరచేతిలో ఒక పన్ను ఉంది. సద్దగింజంత, తెల్లగా, కొస సూదిలాగా. ఊడిన చోట ఎర్రటి చిగురులోంచి ఇంకో తెల్లటి మొన అప్పుడే తొంగిచూస్తోంది.

"పాలపండ్లు ఊడతాండాయి. కింద నుంచి కొత్తవి తోస్తాండాయి. సలుపు పుడితే అది ఏం చేస్తాది? దొరికిందల్లా కొరుకుతాది."

"ఐతే చెప్పులు తినాల్నా?" అంది మా అత్త గడప లోపలి నుంచి.

"ఆముదం తోలు దాని మూతికాడ పెట్టింది నేను గదా."

ఆ పన్నును వెలుతురుకు తిప్పి చూశాడు. ఆయన గొంతు మారింది. "ఎవురు చెప్పినారు దీనికి, ఊడిపొమ్మని? ఎవురు చెప్పినారు ఆ కొత్తదానికి, ఇప్పుడు రమ్మని?" అన్నాడు. మాలో ఎవరినీ అడిగింది కాదు అది. అంత మనిషి ఆ గింజంత పన్ను ముందర తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పులన్నీ అటక మీదికి ఎక్కాయి. పాత పలుపుతాడు ముక్కను ఆయనే కడిగి, ముళ్లు వేసి, నీళ్లలో తడిపి, కడవ కింద చల్లటి ఇసుకలో పెట్టాడు. కుక్కపిల్ల చిగుళ్లు సలిపినప్పుడల్లా ఆ తాడు ఇచ్చేవాడు. రాయిలా ఎండిన జొన్నరొట్టె ముక్కలు పెట్టేవాడు. కూడనిది ఏదైనా అది నోట పట్టుకుంటే మమ్మల్ని లాగనిచ్చేవాడు కాదు.

"గుంజొద్దు. గుంజితే ఆట అనుకుంటాది. ఇంగా గట్టిగా పడతాది."

తడి తాడు దాని ముక్కు దగ్గర పెట్టి "ఇడ్సు" అనేవాడు. అది పట్టు వదిలితే తాడు ఇచ్చి మెడ నిమిరేవాడు. ఒక్కోసారి తన చేతినే దాని నోట్లో పెట్టేవాడు. పన్ను గట్టిగా దిగితే "ఓయ్" అని లేచి, మొహం తిప్పుకుని పోయేవాడు. అది బిక్కమొహం వేసుకుని ఆయన వెంటపడేది. మళ్లీ కూర్చునేవాడు, మళ్లీ అదే. నాగటి సాలు కాస్త వంకరపోతే ఊరంతా వినబడేలా తిట్టే మనిషి ఇతనేనా అని నేను వంటింటి గడపలో నిలబడిపోయేదాన్ని. పెనం మీద రొట్టె మాడిన వాసనకు తెలివొచ్చేది.

ఒక్కరోజులో మారిందేమీ లేదు. ఆ తర్వాత కూడా మా అత్త మజ్జిగ చిలికే కవ్వం పోయింది.

"పైన పెట్టకపోతే ఎట్ల?" అన్నాడు మామ.

"ఇల్లంతా అటక మీదికి ఎక్కియ్యాల్నా ఏంది?" అంది మా అత్త.

కొత్త చెప్పులు కుట్టేదాకా ఆయన వట్టి కాళ్లతోనే తిరిగాడు. దాంతో ఎప్పుడు వస్తాడో, ఎక్కడ ఉంటాడో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు.

అప్పుడే పాపకు ఒళ్లు వెచ్చబడింది. చిగుళ్లు ఉబ్బి, పాలు కూడా సరిగా తాగేది కాదు. మా అత్త రోజూ పై చిగురే తడిమి చూసేది. పై పళ్లు ముందొస్తే మేనమామకు గండమని ఆమె నమ్మకం. నంద్యాలలో నాకున్నది ఒక్కడే తమ్ముడు. ఆమె చెయ్యి పాప నోటి దగ్గరికి పోయినప్పుడల్లా ఏం చెబుతుందోనని భయంగా ఆమె మొహమే చూసేదాన్ని. పైకి ఎవరితోనూ అనలేదు.

ఒక ఉదయం పాప ఏడుపు ఎంతకీ ఆగలేదు. భుజాన వేసుకుని తిరుగుతూ వెనక్కి తిరిగితే గుమ్మంలో మామ ఉన్నాడు. చప్పుడు లేదు, దగ్గు లేదు. నేను ఓరగా జరిగాను. ఆయన తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని వచ్చి, నేల మీద కూర్చుని, "ఇట్లియ్యి" అన్నాడు.

ఇచ్చాను. ఆ చేతుల్లో పాప మరీ చిన్నదిగా కనబడింది. చిటికెన వేలు పాప నోట్లో పెట్టి, కళ్లు మూసుకుని, ఎంతో నెమ్మదిగా చిగురు వెంట నడిపాడు. పాప ఏడుపు ఆపి ఆ వేలిని పట్టుకుని నమలసాగింది. కుక్కపిల్ల వచ్చి ఆయన మోకాలి మీద మూతి ఆనించింది.

"కింది పన్నేలే అమ్మా. వేలికి గీసుకుంటాండాది. మీ తమ్మునికి ఏం భయం లేదు."

నా భయం ఆయనకెలా తెలిసిందో ఇప్పటికీ తెలియదు. నేనూ వేలు పెట్టి చూశాను. మెత్తటి చిగురులో బియ్యపు నూక అంచులాంటిది తగిలింది. నా కడుపులో పెరిగిన బిడ్డే. ఆ పన్ను నేను చేసింది కాదు, నేను రమ్మంటే వచ్చింది కాదు. నేనూ ఆయన ముందర నేల మీద కూర్చుండిపోయాను.

తర్వాత వంటింట్లో మా అత్త నా వైపు చూడకుండా జొన్నపిండి పిసుకుతూ అంది: "నా బిడ్డల్ని ఒక్కర్నీ ఎత్తుకోలేదు ఆ మనిషి. ఎత్తుకోను వస్తాదని నాకూ తెలీదు."

తొలకరి నాటికి కుక్కకు పళ్లన్నీ వచ్చేశాయి. కొరకడం మానేసింది. పొడుగు కాళ్లతో ఇల్లంతా తిరిగేది. మొదటి పెద్దవాన ఒక పగటిపూట కురిసింది. దొడ్లో కోడి, పిల్లల్ని పిలుచుకుంటూ కొట్టంలోకి పరుగెత్తింది. ఒక పిల్ల వెనకబడి కాలువ నీళ్లలో కొట్టుకుపోతోంది. మేం కేక వేసేలోపు కుక్క నీళ్లలోకి దూకింది. తిరిగి వచ్చేటప్పుడు దాని నోట్లోంచి ఒక చిన్న కాలు వేలాడుతోంది.

"తినేసింది, ముండాకుక్క!" అని మా అత్త అరిచింది. మా ఆయన దాని నోరు లాగబోయాడు.

"గుంజొద్దు" అన్నాడు మామ. వానలోనే దాని ముందర కూర్చుని, మూతి కింద అరచెయ్యి చాపి, "ఇడ్సు" అన్నాడు.

అది నోరు తెరిచింది. ముద్దగా తడిసిన కోడిపిల్ల ఆయన చేతిలో పడింది. కదల్లేదు. ఆ తర్వాత తల విదిలించి కిచకిచమంది. ఎక్కడా గీత కూడా పడలేదు.

మామ దాన్ని నా కొంగులో వేశాడు. తడి బట్టలోంచి దాని గుండె నా అరచేతికి టకటకా కొట్టుకుంటోంది. ఆయన మాత్రం లేవలేదు. కుక్క పెదవి పైకెత్తి, కొత్తగా మెరుస్తున్న ఆ పళ్లను చూస్తూ, రుమాలు నుంచి నీళ్లు కారుతున్నా అక్కడే కూర్చున్నాడు.