విమానానికి పెట్టిన బొట్టు

మా ఇంట్లో దేనికీ బొట్టు ఉండదు. గ్రైండరుకు లేదు, గ్యాసు పొయ్యికి లేదు, స్కూటరుకు లేదు, ఆఖరికి గడపకు కూడా లేదు. పండక్కి వచ్చిన చుట్టాలు గడప వంక చూసి, నా వంక చూసి, మతం ఏమన్నా మారామేమోనని చెవులు కొరుక్కుంటారు. కొరుక్కోనీ. ఒకావిడ మాత్రం ఆగలేక అడిగేసింది.

"పండగపూట గడపకి ఇంత పసుపన్నా రాయకపోతే ఎట్టా వదినా?"

"రాశానమ్మా. మీ అన్నయ్యగారు తుడిచేశారు" అన్నాను.

ఎగతాళి చేస్తున్నాననుకుని ఆవిడ నవ్వింది. నేను ఉన్నమాటే చెప్పాను.

మా ఊరికి పడమటి వైపు, పొలాల మధ్యలో, విమానాలు నడపడం నేర్పే స్కూలు ఒకటి ఉండేది. రన్‌వే చాలా పాతది, మా మామగారి చిన్నతనానికే ఉందట. దానికి ఒక పక్క పత్తి, ఇంకో పక్క మిరప. ఒక రేకుల షెడ్డు, అందులో రెండు చిన్న విమానాలు. మా ఆయన అక్కడ హెల్పరు. పొద్దున్నే విమానాన్ని బయటికి తోసుకొచ్చి, కడిగి, తుడిచి, చక్రాలకి అడ్డంగా దిమ్మలు పెట్టి, నేర్చుకునే పిల్లల కోసం సిద్ధంగా ఉంచేవారు. నేను గేటుకు ఎదురుగా మెస్సు నడిపేదాన్ని. పిల్లలు ఆయన్ని బాబాయ్ అనీ నన్ను పిన్నీ అనీ పిలిచేవాళ్ళు. విమానాన్ని తుడిచేటప్పుడు ఆయన మొహం చూడాలి. పెళ్ళయిన కొత్తలో కూడా నా వంక అంత మురిపెంగా చూడలేదు.

విమానాలన్నాక పడతాయి. అయితే మా దగ్గర పడిన ప్రతిదానికీ మా ఊరి చెయ్యి ఎంతో కొంత తగిలింది, అదీ నా బాధ. మొదటిసారి ఒక కుర్రాడికి గాలిలో ఉండగా ఇంజను ఆగిపోయింది. డ్రమ్ముల్లో నిలవున్న పెట్రోల్లో నీళ్ళు చేరాయన్నారు. పాపం వాడు తెలివిగానే చదునైన బీడు ఒకటి చూసుకుని దించాడు. పైనుంచి ఎండినట్టు కనిపించింది. మా నల్లరేగడి సంగతి వాడికేం తెలుసు? వాన వెలిశాక పైన అప్పడంలా పెళుసుబారుతుంది, కింద మాత్రం ఊబి. ముందు చక్రం కూరుకుపోయి విమానం వెల్లకిలా తిరగబడింది. బెల్టులకి తలకిందులుగా వేలాడుతున్న వాణ్ణి బయటికి లాగుతూ, ఆ పొలం రైతు కేకలు పెడుతూనే ఉన్నాడు.

"ఏరా, అడిగి దిగొచ్చుగా! వానపడితే మేమే చెప్పులేసుకుని దిగం, నువ్వు చక్రాలేసుకుని దిగావే!"

ఆ కుర్రాడు మెడకి పట్టీతో వచ్చి నా మెస్సులో రెండుసార్లు పప్పు వేయించుకుని తిన్నాడు. విమానం పడిన రోజు అమావాస్య కాబట్టి అలా జరిగిందని ఊళ్ళో తేల్చేశారు.

రెండోది గద్ద వల్ల. కోళ్ళ కొట్లవాళ్ళు ఈకలూ పేగులూ తెచ్చి రన్‌వే చివర కాలవ గట్టున గుమ్మరించేవాళ్ళు. గద్దలు అక్కడే కాపురం పెట్టాయి. ఒకటి వచ్చి ముందు అద్దానికి కొట్టుకుంది. నేర్పే మాస్టారు ఎలాగో దించారు గానీ, గాజుముక్కలు గుచ్చుకుని ఒక కన్ను పోయింది. గ్రామదేవతకి కోపం వచ్చిందన్నారు. గద్దలకి మేత వేసిందెవరని నేను అరిచి అడిగితే, ఆడవాళ్ళకి ఈ గొడవలెందుకని ఒకాయన సలహా ఇచ్చాడు. ఆయనకి కోళ్ళ కొట్టు ఉంది.

మూడోది తీగ. బోరు మోటారుకి ఎవరో కర్రలు పాతి దొంగ కరెంటు లాక్కున్నారు. దిగుతున్న విమానం చక్రం దానికి తగిలి, మిరపతోటలో ముక్కు నేలకి గుద్దుకుంది. నడిపే కుర్రాడి రెండు కాళ్ళూ విరిగాయి. విచారణకి ఆఫీసర్లు వచ్చేసరికి తీగ లేదు, కర్రలు లేవు, వాటి గుంటలు కూడా పూడ్చి పైన నీళ్ళు చల్లేశారు. కుర్రాడు ఉండాల్సిన దానికంటే కిందికి దిగాడని, తప్పు పైలెట్‌దేనని తేలింది. ఆ తీగ ఎవరిదో ఊరందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆ తర్వాతే శాంతి చేయించాలన్న మాట పుట్టింది. పెట్రోలు డ్రమ్ములు మార్చాలనీ, కోడి పేగులు ఇంకో చోట పోయాలనీ, తీగలు పీకాలనీ ఎవరికీ తోచలేదు. పూజ మాత్రం అందరికీ తోచింది. మహర్నవమి నాడు ఊళ్ళో ట్రాక్టర్లకీ ఆటోలకీ చేసినట్టే, విమానాలకీ ఆయుధపూజ చేయాలన్నారు. మా ఆయన ఆదివారం పూట పెదకాకాని వెళ్ళి, అభిషేకం చేయించి, శివయ్య కుంకుమ తెచ్చారు. గంధం సానరాయి మీద తన చేత్తోనే తీశారు. "దుకాణంలో పొడి దొరుకుతుందిగా" అంటే, "మనుషులు ఎక్కేదే, దానికి పొడి గంధమా?" అని నామీదే కసురుకున్నారు.

అప్పటికి ఒక విమానం రిపేరులో ఉంది. రెండోదానికి ముక్కు మీద, రెక్కల మీద, తోక మీద గంధం పూసి బొట్లు పెట్టారు. తలుపుకి కాస్త ముందు, పక్కన, రూపాయి బిళ్ళంత గుండ్రటి ఇత్తడి రంగు బిళ్ళ ఒకటి ఉంటుంది. దాని మధ్యలో ఆవగింజంత చిల్లు. బొట్టు పెట్టుకోవడానికే చేసినట్టుంది ఆ బిళ్ళ. ఆయనకి అలాగే అనిపించి, అక్కడ గంధం దండిగా అద్ది, మీద కుంకుమ పెట్టారు. అన్నేళ్ళుగా ఆ బిళ్ళని రోజూ తుడిచిన మనిషే. అది ఎందుకుందో ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

మా మెస్సు వెనక గదిలో, స్కూల్లో నేర్చుకునే అమ్మాయి ఒకతి ఉండేది. వాళ్ళది కొత్తపట్నం దగ్గర. నాన్నకి రొయ్యల చెరువులున్నాయి. నేను చేపల పులుసు వండిన రోజల్లా నాతో తగువే. "పిన్నీ, ఇది చేపల పులుసు కాదు, చేపకి స్నానం చేయించిన నీళ్ళు" అనేది. నేను గరిటెతో బెదిరిస్తే, అదే నీళ్ళు మళ్ళీ పోయించుకునేది. అప్పటికే కొన్నిసార్లు ఒక్కతే ఎగిరి వచ్చింది. విజయదశమి పొద్దున మొదటి వంతు తనకే కావాలని మాస్టారి దగ్గర పట్టుబట్టింది. ఆ రోజు మొదలుపెట్టిన పని ఎదురు తిరగదని మనవాళ్ళు అంటారుగా.

ఎగిరే ముందు వాళ్ళు విమానం చుట్టూ తిరిగి ఒక్కొక్కటే తడిమి చూసుకోవాలి. ఆ అమ్మాయి బిళ్ళ దగ్గర ఆగింది. అక్కడ వాళ్ళిద్దరి మధ్య జరిగిందంతా మా ఆయన నాకు చెప్పింది, ఆ తర్వాత చెప్పమన్నవాళ్ళకీ చెప్పొద్దన్నవాళ్ళకీ కూడా చెప్పింది.

"బాబాయ్, దీన్ని తుడిచెయ్యాలేమో. ఈ చిల్లు మూసుకోకూడదు."

"బొట్టు ఎవరన్నా తుడుస్తారా అమ్మా? శుభమా అని బయల్దేరేటప్పుడు."

తుడవాలని ఆ పిల్లకి తెలుసు. అయితే అది కూడా ఈ నేల మీద పుట్టిన ఆడపిల్లే. చెయ్యి రాలేదు. చివరికి మధ్యేమార్గం ఒకటి ఆలోచించి, చిల్లు ఉన్నచోట కుంకుమని చూపుడువేలి గోటితో కాస్త గీకింది. చిల్లు నల్లగా కనిపించింది. లోపల గంధం ఎండి బిగుసుకుపోయిందని పైకి తెలియదు. గోటికి అంటిన కుంకుమని పారెయ్యకుండా నుదుట పెట్టుకుని, ఆయన వంక చూసి నవ్వి, ఎక్కింది.

నేను పండగని గారెలు వేస్తున్నాను. విమానం చప్పుడు వినపడి అలవాటుగా తలెత్తి చూశాను. మామూలుగానే నేల విడిచింది. తాటిచెట్లంత ఎత్తుకి వెళ్ళి ఉంటుంది, ముక్కు కిందికి వాలింది. మళ్ళీ లేచింది, మళ్ళీ వాలింది. ఈసారి లేవలేదు. పత్తి చేలో పడింది. విచ్చుకున్న పత్తి ఆ చుట్టుపక్కల ఎగిరి, చాలాసేపు గాలిలోనే ఉంది. మా ఆయన పరుగెత్తడం చూశాను. ఆయన అలా పరుగెత్తగలరని నాకు అప్పటిదాకా తెలియదు.

ఎందుకు పడిందో విచారణకి వచ్చిన ఆఫీసరు మాకు అర్థమయ్యేలా చెప్పారు. ఆ చిల్లులోంచి వచ్చే గాలిని బట్టే లోపలి మీటర్లలో ముళ్ళు తిరుగుతాయట. అది మూసుకుపోతే, విమానం పైకి వెళ్తున్నకొద్దీ వేగం చూపే ముల్లు పడిపోతుంది. వేగం పోతే విమానం రాయిలా రాలుతుందనీ, వెంటనే ముక్కు కిందికి దించాలనీ వాళ్ళకి నేర్పుతారు. ఆ పిల్ల ముల్లు చూసి, నేర్పినట్టే చేసింది. ముక్కు దించడానికి కింద అంత ఎత్తు లేదు. ఇంజను బాగానే ఉంది, వేగమూ బాగానే ఉంది, ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

మా ఆయన ఆఫీసరు ముందు చేతులు కట్టుకుని నిలబడి అన్నారు, "తప్పు నాదండి. తుడుస్తానంటే నేనే వద్దన్నాను."

"మీ తప్పు ఎట్టా అవుద్దండి? ఎగిరేముందు చూసుకోవాల్సింది పైలెట్టు."

"చూసుకుందండి. నన్నడిగింది."

"అడిగినా, మీ మాట వినాల్సిన పని లేదు ఆ అమ్మాయికి."

ఆఫీసరు చెడ్డవాడు కాదు. నెమ్మదిగా, గౌరవంగానే మాట్లాడాడు. చివరికి తప్పు పైలెట్‌దేనని తేల్చి వెళ్ళిపోయాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. మా ఊళ్ళో ఎవరి పిడికెడు వాళ్ళు తీసుకోకుండా, మొత్తం తెచ్చి చచ్చిపోయిన పిల్ల ఒళ్ళో పోశారు. పూజ చేయించమన్న పెద్దమనుషులు పూజలో ఏదో లోపం జరిగిందన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

ఆ పిల్ల బట్టలూ పుస్తకాలూ తీసుకెళ్ళడానికి వాళ్ళ నాన్న వచ్చారు. మా ఆయన ఆ తండ్రి కాళ్ళ మీద పడి జరిగిందంతా చెప్పారు. కొడతారేమో, కొడితే బాగుండునని చూశాను. ఆయన కొట్టలేదు. లేపనూ లేదు. గోడకి ఆనుకుని నిలబడి, ఎవరితోనూ కాకుండా తనలో తనే చెప్పుకున్నారు.

"చిన్నప్పుడు నీళ్ళు పోసేటప్పుడు బొట్టు చెరిగిపోతే ఏడ్చేదండి. వాళ్ళమ్మ మళ్ళీ పెట్టిందాకా గుమ్మం దాటేది కాదు. మేం నేర్పిందేగా."

పెట్టె తీసుకుని వెళ్ళిపోయారు. కారు రోడ్డెక్కాక మా ఆయన నాతో, "ఒక్క తిట్టు కూడా తిట్టలేదే" అన్నారు. ఆ తిట్టు కోసం ఆయన ఇప్పటిదాకా ఎదురు చూస్తూనే ఉన్నారని నాకు తెలుసు. ఉప్పు ఎక్కువైనా, గుడ్డలు ఆరెయ్యకపోయినా నేను తిట్టని తిట్టు లేదు. దీనికి మాత్రం నా నోరు పెగల్లేదు. తిట్టి ఉంటే కొంచెం తేలికపడేవారేమో.

స్కూలు కొన్నాళ్ళు నడిచి మూతపడింది. రన్‌వే మీద ఇప్పుడు మిరపకాయలు ఆరబోస్తున్నారు. తారు మీద తొందరగా ఎండుతాయని గుంటూరు యార్డుకి వెళ్ళేవాళ్ళందరూ అక్కడే పోస్తారు. మా ఆయన ముందు స్కూటరు మీద బొట్టు తుడిచారు. తర్వాత గడప తుడిచారు, పొయ్యి తుడిచారు. పక్కింటివాళ్ళ కొత్త ట్రాక్టరు బొట్లు తుడుస్తుంటే వాళ్ళు గొడవకొచ్చారు. "అపశకునం పట్టించాడు ముసలాడు" అని తిట్టారు. ఆ తిట్లకి ఆయన సంతోషపడ్డట్టే కనిపించారు, కానీ అవి ఆయనకి కావాల్సిన తిట్లు కావు. ఇప్పుడు మతి నిలకడగా లేదు. తిన్నది గుర్తుండదు, నా పేరు గుర్తుండదు. గుంటూరులో డాక్టరు మందులు రాసిచ్చి, ఇవి పోయిన మతిని వెనక్కి తెచ్చేవి కావమ్మా, అన్నారు.

ఈ దసరాకి తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, బొట్టు పెట్టుకుని వరండాలోకి వచ్చాను. ఆయన నన్ను చూసి కుర్చీలోంచి లేచారు.

"ఇటు రా అమ్మా."

నన్ను ఆయన ఎన్నడూ అమ్మా అనలేదు. దగ్గరికి వెళ్ళాను. భుజం మీద తువ్వాలు చెంగు చెంబులో ముంచి, పిండి, నా నుదుటి మీద పెట్టారు. బతికున్న మొగుడు పెళ్ళాం బొట్టు తుడవడం ఏ ఇంట్లోనన్నా చూశామా? ఎదురింటి ఆవిడ అరుగు మీద నుంచి చూస్తోంది. చెయ్యి పట్టుకుని ఆపుదామనుకున్నాను.

"ఎవురేమన్నా అనుకోనీ. తుడవాలమ్మా, నేను చెప్తున్నాగా" అన్నారు.

ఆపలేదు. ఆయన గోటితో గీకి, ఊది, వంగి దగ్గరగా చూసి, మళ్ళీ తుడిచారు. "ఇంక ఎల్లు. ఏం భయంలా."

ఎక్కడికి వెళ్ళను? అయినా మెట్లు దిగి, ఉత్త నుదురుతో వీధి చివరిదాకా నడిచి, తిరిగి వచ్చాను. ఆయన అక్కడే నిలబడి నా కోసం చూస్తున్నారు.

"వచ్చేశావా!" అన్నారు. అన్నేళ్ళ తర్వాత ఆయన నవ్వగా చూశాను. నా రెండు చేతులూ పట్టుకుని, "వచ్చేసిందే" అని ఎవరికో చెప్పారు.

మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్ళీ పిలిచారు. తువ్వాలు తడిపి ఉంచుకున్నారు. నా నుదుట ఏమీ లేదు. ఆయన తుడుస్తూనే ఉన్నారు.