దసరా నాడు డ్రైవర్లు మార్చాను

చిన్నకోడూరులో మా పుట్టింట్లో దసరాకు మగ్గాన్ని దులిపి, తుడిచి, కుంకుమ పెట్టేవారు. అన్నం పెట్టే వస్తువు మీద ఆ రోజు దుమ్ము ఉండకూడదు. సిద్దిపేటలో కిరాయింట్లో ఒక్కదాన్నే ఉంటూ పెళ్లి కార్డులు టైపు చేసుకునే నాకు మగ్గం ఎక్కడిది? కంప్యూటర్‌కే బొట్టు పెట్టాను.

పెట్టాక, మరి లోపలి దుమ్ము సంగతేమిటన్న తెలివి పుట్టింది. కెమెరా, స్పీకరు, ప్రింటరు కంప్యూటర్ మాట వినాలంటే డ్రైవర్లని చిన్న ప్రోగ్రాములుండాలి. వాటిని తనంతట తానే కొత్తవి చేసే సాఫ్ట్‌వేర్ నా దగ్గర ఒకటుంది. పాతబడ్డాయంటూ ఎప్పుడూ ఎర్రగా ఉరిమి చూస్తుంటుంది. "మంచిగ నడుస్తున్నదాన్ని ముట్టకు" అని గల్ఫ్‌లో పనిచేసే మా ఆయన చెప్పనే చెప్పాడు. నేను వింటానా! పండుగ పూట పాతవెందుకని అన్నీ మార్చెయ్యమని నొక్కాను. కాసేపటికి ఎరుపంతా పచ్చగా మారింది. ఇల్లు అలికినంత సంతోషం.

సాయంత్రం ఆయన కాల్ చేస్తానన్నాడు. నా ఫోన్ కెమెరా ఎప్పుడో పోయింది, ఒకరినొకరం చూసుకునేది కంప్యూటర్‌లోనే. పోయినసారి సెలవుకొచ్చినప్పుడు తెచ్చిన ఆకుపచ్చ చీర కట్టుకుని, జమ్మి ఆకు పట్టుకుని కూర్చున్నాను. పక్కన ఉంటే బంగారమంటూ ఆ ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కేదాన్ని. కనీసం చూపిద్దామనుకున్నాను.

తెర మీద ఆయన కనిపించాడు. నేను కనిపించలేదు.

"అంతా నల్లగున్నది. ఏం జేసినవే?"

"డ్రైవర్లు మార్చిన."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట. ఆయన తిట్టలేదు. "సరే, ఎట్ల తయారైనవో చెప్పు మరి" అన్నాడు.

"నువ్వు తెచ్చిన పచ్చ చీర. చేతుల జమ్మి ఉన్నది."

చెబుతుంటే గుర్తొచ్చింది, ఆయన నన్ను చూడలేడని. ప్రతి వారం కాల్ ఎత్తగానే పెట్టుకునే నవ్వు ఇప్పుడు అక్కర్లేదు. అది జారిపోయింది. కళ్లు తుడుచుకోను కూడా లేదు.

"గొంతు గట్లున్నదేంది? సర్దయిందా?"

"అయింది."

ఆయన నల్లటి తెరను చాలాసేపు చూశాడు. "సర్ది గాదే గది" అన్నాడు. తర్వాత తల వంచుకుని, "నాకుగుడ ఈడ ఉండబుద్ధయితలేదు" అన్నాడు. గల్ఫ్‌కు పోయిన ఇన్నేళ్లలో ఆ మాట నా చెవిన పడటం అదే మొదలు. ఆ రోజు మేమిద్దరం ఏమీ దాచుకోలేదు. జమ్మి ఆకు నా అరచేతిలోనే వాడిపోయింది.

మర్నాడు తంటాలు పడి పాత డ్రైవర్‌ను వెనక్కి తెచ్చాను. కెమెరా పక్కన చిన్న దీపం వెలిగింది.

శుక్రవారం కాల్ వచ్చే ముందు ముఖం కడుక్కుని, తల దువ్వుకుని కూర్చున్నాను.

"గిప్పుడు మంచిగ కనబడ్తున్నవ్" అన్నాడు.

నవ్వాను. ఆయనా నవ్వాడు. బాగున్నావా అంటే బాగున్నానని ఇద్దరం చెప్పుకున్నాం.