ఎవరూ చూడని వ్యాసం

పాపకి అయిదో నెల. మూడు గంటలకోసారి పాలివ్వాలి. సీసా నోట్లో పెడితే నాలుకతో బయటికి నెట్టేసేది. మల్కాపురంలో మా ఇంటి నుంచి యూనివర్సిటీకి రెండు బస్సులు మారాలి. వెళ్లడానికి గంటకు పైగా, రావడానికి మళ్లీ గంటకు పైగా పట్టేది. మధ్యలో మిగిలే ముప్పావు గంటలో ఆ వారం నా అయిదేళ్ల పని తేలాల్సి వచ్చింది.

శనివారం మధ్యాహ్నం లోపు థీసిస్ అయిదు కాపీలు ఆఫీసులో ఇవ్వాలి. పెళ్లికి ఒకసారి, కాన్పుకి ఒకసారి గడువు పెంచారు. మూడోసారి పెంచే రూలు లేదని గుమస్తా కాగితం చూపించి మరీ చెప్పాడు. ఆ రోజు దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక నాకు లేదు, మా ఇంట్లో ఎవరికీ లేదు.

హార్బర్లో చెక్క స్తంభాల్ని, పడవల అడుగుల్ని తొలిచేసే ఒక జీవి మీద నా పని. చూడటానికి పురుగులా ఉంటుంది గాని ఆల్చిప్పల జాతి. చెక్క పలకలు తాళ్లకు కట్టి జెట్టీ పక్కన నీళ్లలోకి వదిలేదాన్ని. నెలకోసారి పైకి లాగి, వాటి మీద ఎన్ని పిల్ల పురుగులు చేరాయో లెక్కపెట్టేదాన్ని. మూడు వానాకాలాలు అలా చేశాను. మూడో వానాకాలానికి నేను కడుపుతో ఉన్నాను, తాడు మా ఆయన లాగారు. "పోర్టువాళ్లు నాకు జీతమిచ్చేది ఓడలు చూడ్డానికి, నీ పురుగుల్ని కాదు" అంటూనే లాగారు.

సోమవారం పొద్దున్న పూర్ణా మార్కెట్ వెనక సందులో టైపిస్టు గారింటికి వెళ్లాను. ఆయన పగలు పోర్టు ఆఫీసులో గుమస్తా. డ్యూటీకి ముందూ తర్వాతా థీసిస్‌లు టైపు చేసేవారు. చాప్టర్లన్నీ అయిపోయి, చివర్లో వచ్చే రిఫరెన్సుల జాబితా దగ్గర ఆగారు. నన్ను చూడగానే మిషను మీంచి చేతులు తీశారు.

"మేడమ్, కోపం రాదంటే ఒక మాట సెప్తాను."

"చెప్పండి."

"ఈ దొరగారు నాకు బాగా తెల్సండి." జాబితాలో ఒక పేరు మీద వేలు పెట్టారు. "మీ డిపార్ట్‌మెంటోల్లవి నాలుగు థీసిస్‌లు కొట్టాను. నాలిగింటిలోనూ వచ్చీసాడు. మా ఇంటి సుట్టమైపోనాడనుకోండి. కాపోతే మీకాడ పద్నాలుగో వాల్యూమంటన్నారు, కిందటేడు కొట్టినదాంట్లో ఇరవైయేడండి. ఏటి కొట్టమంటారు?"

నేను నవ్వలేకపోయాను. నా సంచిలో రిఫరెన్సు కార్డుల పెట్టె ఉంది. ఒక్కో వ్యాసానికి ఒక్కో కార్డు. రచయిత, సంవత్సరం, శీర్షిక, పత్రిక, సంపుటి, పేజీలు. నా కళ్లతో చదివిన వ్యాసమైతే మూల ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టేదాన్ని. అక్కడే ఆ కార్డు తీసి చూశాను. టిక్కు లేదు.

గుర్తొచ్చింది. మొదటి ఏడాది ఒక సీనియర్ థీసిస్‌లోంచి ఎత్తి రాసుకున్నాను. మాలో అందరం అలాగే చేసేవాళ్లం. ఆ విదేశీ పత్రిక మా లైబ్రరీకి రాదు. వ్యాసం విడికాపీ పంపమని రచయితకు నేను రాసిన పోస్టుకార్డు ఎనిమిది నెలలకు, అందకుండానే తిరిగొచ్చింది. అప్పటికి వ్యాసం నా మొదటి చాప్టర్లో కూర్చుంది. దాని మీద నాలుగో చాప్టర్ కూర్చుంది. మంచినీళ్లు కలిసే చోట ఈ జీవి పిల్లలు పెట్టదని ఆ వ్యాసం రుజువు చేసినట్టు మేమంతా రాశాం.

"రేపు చెప్తాను" అన్నాను.

"రేపంటే మంగలారం. శనారానికి బైండింగ్ కూడా అవ్వాల. సూసుకోండి మరి."

అక్కణ్ణుంచి డిపార్ట్‌మెంటుకు పరిగెత్తాను. పాత థీసిస్‌లన్నీ ఒక చెక్క బీరువాలో ఉండేవి. తీసి వరసగా బల్ల మీద పరిచాను. ఒకదాంట్లో పద్నాలుగు, రెండింటిలో ఇరవై ఏడు, ఇంకోదాంట్లో మళ్లీ పద్నాలుగు. అన్నీ మూలం చూసినట్టే రాసినవి. పద్ధతి ఏమిటో మాకు తెలుసు. చూడని వ్యాసమైతే ఎవరి రాతలో దాన్ని చూశామో వాళ్ల పేరు చెప్పాలి. లేదంటే పక్కన స్టార్ గుర్తు పెట్టి, కింద "మూలం చూడలేదు" అని రాయాలి. ఎవరూ రాయలేదు.

కింది అరలో, చెదలు తిన్న అట్టతో, మా గైడు గారి సొంత థీసిస్ దొరికింది. దాని చివరి పేజీలు తిప్పాను. ఆయనే మొదట తప్పు చేసి ఉంటే ఆ మాట ఎలా చెప్పను? శనివారం లోపు ఆయన సంతకం లేకపోతే నా థీసిస్ చిత్తుకాగితమే.

వ్యాసం అందులోనూ ఉంది. కానీ సంపుటి లేదు, పేజీలు లేవు. ఆ జాగా ఖాళీగా ఉంది. పక్కన చిన్న స్టార్.

ఇంటికొచ్చేసరికి వీధి మొగలోనే పాప ఏడుపు వినిపించింది. మా అత్తగారు పరవాడ వైపు పల్లెటూరి మనిషి. పొలం పని మానుకుని మనవరాలి కోసం వచ్చి ఉంది. పిల్లని నా చేతుల్లో పెడుతూ అంది, "ఒలే అమ్మా, దీని గొంతు పోతంది. ఒక్క దినం ఆగితే సదువు పారిపోద్దేటి?"

"పారిపోద్ది అత్తయ్యా. శనివారం."

ఆవిడ నా మొహం చూసింది. "అయితే ఆ సదువునే పట్టుకో. దీని ఏడుపు నాను పడతాను."

మంగళవారం గైడు గారి గదిలో ఆ పాత థీసిస్ ఆయన ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు సవరించుకుని పేజీ చూశారు.

"ఇదెక్కడ దొరికిందమ్మా?"

"బీరువాలో సార్. కింది అరలో."

"ఈ స్టార్ నాకేం చేసిందో తెలుసా?" గొంతు తగ్గించారు. "మూలం చూడకుండా ఇంత వాదన ఎలా కట్టారు, తెప్పించి చూసి మళ్లీ సమర్పించండి అని పరీక్షకుడు వెనక్కి పంపాడు. పదకొండు నెలలు. ఈలోగా నాకు రావలసిన ఉద్యోగం ఇంకొకాయనకు పోయింది."

"మూలం దొరికిందా సార్?"

"దొరకలేదు. చివరికి పరీక్షకుణ్ణి మార్చారు. అందుకే నా దగ్గర చేరిన మొదటి కుర్రాడికి చెప్పాను, స్టార్లు పెట్టకురా అని."

"మరి సంపుటి నంబరు?"

"అది నేను చెప్పలేదు." థీసిస్ మూసి పక్కకు జరిపారు. "ఖాళీ వదిలితే బాగుండదని వేసి ఉంటాడు." ఆ కుర్రాడు ఇప్పుడు పక్క గదిలో మాకు పాఠాలు చెప్పే ఆయన. ఇద్దరం గోడవైపు చూశాం.

"నువ్వు కూడా స్టార్ పెట్టకు. చంటిపిల్ల తల్లివి, పదకొండు నెలలు తట్టుకోలేవు. ఏదో ఒక నంబరు వేసి ఇచ్చెయ్" అన్నారు. కోపంగా కాదు, జాలిగానే. ఆ జాలి చూసే నాకు ఇంకా భయమేసింది.

లేవబోతూ అడిగాను, "మీరు దాన్ని మొదట ఎక్కడ చూశారు సార్?"

ఆయన ఒక పాత పత్రిక పేరు చెప్పారు. "అందులో ఒకాయన రాసిన వ్యాసం చివర. మన లైబ్రరీలోనే చూశాను. ఎవరూ పారేయకపోతే ఉండాలి."

బుధవారం పాపకి జ్వరం. ఎక్కడికీ వెళ్లలేదు. తడిగుడ్డ నుదుటి మీద వేస్తూ ఒకే మాట వందసార్లు అనుకున్నాను. నంబరు వేసేస్తే అయిపోతుంది. ఎవరు చూస్తారు? ఇరవయ్యేళ్లుగా ఎవరూ చూడలేదు. పద్నాలుగు వేస్తే సరి. సాయంత్రానికి జ్వరం దిగింది. నా మనసు మాత్రం ఎటూ తేలలేదు.

గురువారం లైబ్రరీలో బైండు సంపుటాల గది తాళం తీయించుకోడానికే ఇరవై నిమిషాలు పట్టింది. దొరికింది. నిలబడే తిప్పాను. చివరి జాబితాలో ఆ విదేశీ వ్యాసం ఉంది. సంపుటి ఉండాల్సిన చోట ఒక్క మాటే ఉంది: "అచ్చులో". అంటే ఈయన రాసేనాటికి అది ఇంకా అచ్చు కాలేదు. తర్వాత అయిందో లేదో ఎవరికీ తెలియదు. పద్నాలుగు ఎక్కడిది, ఇరవై ఏడు ఎక్కడిది?

లోపలి పేజీలో ఆ వాక్యం వెతికాను. మంచినీళ్లు కలిసే చోట ఈ జీవి పిల్లలు పెట్టకపోవచ్చని తాను అనుకుంటున్నట్టు ఆ విదేశీయుడు ఉత్తరంలో తెలిపాడు, అని ఉంది. అంతే. రుజువు లేదు, పరిశీలన లేదు. ఒక ఉత్తరంలో ఒక అనుమానం.

నేల మీద కూర్చుండిపోయాను. మూడు వానాకాలాల్లోనూ, గెడ్డ వాగు మంచినీళ్లు వచ్చి హార్బర్లో కలిసే చోట వేలాడదీసిన పలకల మీద నాకు పిల్ల పురుగులు కనిపించాయి. కనిపించిన ప్రతిసారీ నేనే తప్పు లెక్కపెట్టాననుకున్నాను. నాలుగో చాప్టర్లో అలాగే రాశాను కూడా: "లెక్కింపులో పొరపాటు జరిగి ఉండవచ్చు" అని. అంత పెద్ద వ్యాసం కాదంటుంటే నా కళ్లని నేనెలా నమ్మను అనుకున్నాను. ఆ వ్యాసాన్ని చూసినవాళ్లే లేరు.

అప్పటికి పాప పాల టైము దాటిపోయింది. జాకెట్టు తడిసింది. పైట నిండా కప్పుకుని ఆ పేజీని పొల్లు పోకుండా కార్డు మీద రాసుకున్నాను. రచయిత, సంవత్సరం, శీర్షిక, పత్రిక, సంపుటి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా. మూల ఆకుపచ్చ టిక్కు పెట్టి బస్సు ఎక్కాను.

శుక్రవారం తెల్లారి టైపిస్టు గారికి సంగతి చెబితే తల పట్టుకున్నారు.

"మొదటి సాప్టర్లో ఒక పేరా, నాలుగులో ఒక పేరా మారాలంటన్నారు. పేజీ పెరిగిందంటే ఎనకవన్నీ మల్లీ కొట్టాల. అయిదు కార్బన్లండి. నా వల్ల అవుద్దా, నా మిషను వల్ల అవుద్దా?"

"మరేం చెయ్యమంటారు?"

రెండు పేజీలూ తీసి స్కేలు పెట్టి చూశారు. "ఇక్కడ ఆరు లైన్లు, అక్కడ పదకొండు. అంతలోనే ఇరికించి రాసి తెండి. ఒక్క లైను ఎక్కువైనా నాను కొట్టను. సెప్పీసినాను."

వాళ్ల గుమ్మంలోనే కూర్చుని అక్షరాలు లెక్కపెట్టుకుంటూ రాశాను. ఫలానా వారికి ఉత్తరం ద్వారా తెలిసిన అభిప్రాయమని, మూలం చూడలేదని, చూసిన వ్యాసం ఇదని ఆరు లైన్లలో పెట్టాను. పదకొండు లైన్లలో నా పలకల మీద నేను చూసింది చూసినట్టు రాశాను. "పొరపాటు" అన్న మాట కొట్టేస్తే అర లైను మిగిలింది. ఆయన చదివి కార్బన్లు సర్దుకున్నారు. ఆ పూట డ్యూటీకి ఆలస్యంగా వెళ్లారు.

మధ్యాహ్నం ఆ రెండు పేజీలు గైడు గారి ముందు పెట్టాను. ఆయన రెండోసారి చదివారు.

"అచ్చులో అనే ఉందా? నిజంగా?"

"కార్డు మీద రాసుకొచ్చాను సార్."

"నేను కూడా చివరి జాబితా చూసి వచ్చేశాను. లోపలి పేజీ చదవలేదు." కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నీ పలకల మీద ఉన్నది నిజమేనా?"

"నిజమే. మూడుసార్లూ."

"మరి పొరపాటని ఎందుకు రాశావు?"

"ఆ వ్యాసం ఉంది కదా అని."

ఆయన కలం మూత తీశారు. సర్టిఫికెట్లు అయిదూ వరసగా పెట్టుకుని సంతకాలు చేశారు. అయిదోది ఇస్తూ, "వెనక్కి వస్తే నన్ను తిట్టుకోకు" అన్నారు.

రాత్రికి రాత్రి బైండింగ్ చేయించి, శనివారం పన్నెండు కాకముందే ఆఫీసులో ఇచ్చాను. గుమస్తా కాపీలు లెక్కపెట్టుకుని ముద్ర వేశాడు. రిఫరెన్సుల పేజీ వైపు చూడనైనా లేదు.

ఆ తర్వాత ఏడు నెలలూ పోస్టుమాన్ మా వీధిలోకి వచ్చినప్పుడల్లా గుమ్మంలోకి వచ్చి నిలబడేదాన్ని. పాప పాకింది, నిలబడింది, మాటలు మొదలుపెట్టింది. థీసిస్ వెనక్కి రాలేదు. వైవాకి పిలుపొచ్చింది.

పరీక్షకుడు వేరే రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దాయన. ఆయన రాసిన పుస్తకం మా డిపార్ట్‌మెంట్లో అందరి దగ్గరా ఉండేది. అరగంట వేరే ప్రశ్నలు అడిగి, తర్వాత మొదటి చాప్టర్లో కాగితం ముక్క పెట్టుకున్న చోట తెరిచారు. ఆ ఆరు లైన్లే. గైడు గారు కిటికీ వైపు తిరిగారు.

"ఈ వ్యాసం నా పుస్తకంలో ఉంది" అన్నారు ఇంగ్లీషులో. "సంపుటి ఇరవై ఏడు."

అనకూడదనుకుంటూనే అడిగేశాను. "మీరు చూశారా సార్?"

ఆయన నన్ను చూశారు, గైడు గార్ని చూశారు, మళ్లీ పేజీ చూశారు. కోపం వచ్చిందో ఏమో తెలియలేదు. లోపలి జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశారు.

"లేదు" అన్నారు. "నువ్వు చూసిన ఆ పాత వ్యాసం వివరాలు చెప్పు."

చెప్పాను. రచయిత, సంవత్సరం, శీర్షిక, పత్రిక. ఆయన రాసుకుంటున్నారు. సంపుటి చెప్పాను. పేజీల దగ్గర కలం ఆపి, "నెమ్మదిగా, మళ్లీ చెప్పు" అన్నారు.