నాలుగింటికి వచ్చే నొప్పి

జనవరి ఆఖరులో సరిహద్దు మంచుకొండ మీది పోస్టుకి చేరాం. పదిహేడు వేల అడుగుల ఎత్తు. మైనస్ ఇరవై ఎనిమిది డిగ్రీలు. ఫైబర్ గుడిసె ఒకటి, కిరోసిన్ స్టవ్‌లు రెండు, ఎనిమిది మందిమి. హవల్దార్‌ని కాబట్టి పోస్టు నా చేతిలో ఉంది. రేడియో ఆపరేటర్‌ది కొండపల్లి, నాది ఇబ్రహీంపట్నం. పక్క ఊరివాడని సంబరపడ్డాను, మర్నాటి నుంచే జాగ్రత్తపడ్డాను. మనోణ్ణి వెనకేసుకొస్తున్నాడని ఎవడైనా అంటే నేను భరించలేను.

మూడో వారంలో మొదలైంది. రోజూ సాయంత్రం నాలుగింటికి రేడియోలో కింది క్యాంపుకి రిపోర్ట్ పంపాలి. సరిగ్గా ఆ వేళకే ఆపరేటర్ ఎడమ కన్ను ఎర్రబడేది, నీరు కారేది, రెప్ప వాలేది. ముక్కు కూడా ఎడమవైపే కారేది. "కంట్లో గునపం దించి తిప్పుతున్నట్టుందండీ" అనేవాడు. ఐదింటికల్లా మామూలు మనిషి. అందరికీ టీ పెట్టేవాడు.

తలనొప్పి వస్తే ఎవరైనా పడుకుంటారు. ఇతను పడుకోడు. నాలుగడుగుల చోటులో అటూ ఇటూ తిరుగుతాడు, తల బాదుకుంటాడు. అది చూసే నాకు అనుమానం వచ్చింది.

"డ్యూటీ టైముకే వచ్చే నొప్పేంట్రా? వేషాలా?"

"వేషాలైతే ఒక్క కన్నే ఎలా ఏడుస్తుంది సార్?"

నర్సింగ్ అసిస్టెంట్ నోట్‌బుక్ తెచ్చి చూపించాడు. "పన్నెండు రోజులు సాబ్. అదే టైము, అదే కన్ను. ఎత్తు వల్ల వచ్చే నొప్పి గడియారం చూసుకుని రాదు. కిందికి పంపుదాం."

వేరేవాడైతే ఆ రోజే పంపేవాణ్ణి. మా వైపువాడు గనక పంపలేదు. సిగ్గుతో చెబుతున్నాను.

పద్నాలుగో రోజు గస్తీ నుంచి దిగేసరికి నాలుగూ నలభై. గుడిసెలో రేడియో అరుస్తోంది. "రిపోర్ట్ ఇవ్వండి. ఓవర్." కుర్చీ ఖాళీ. అతను గుడిసె వెనకాల ఉన్నాడు. గ్లవ్స్ విసిరేసి, మంచుగోడని ఒట్టి చేతులతో పట్టుకుని, ఎడమ కన్ను దానికి అదిమి నిలబడ్డాడు.

మర్నాడు హెలికాప్టర్ వచ్చింది. అతనితో నేనూ దిగాను. కింద ఆసుపత్రిలో డాక్టర్‌గారు ఒక్క ప్రశ్నే అడిగారు. "నొప్పి వస్తే పడుకుంటాడా, తిరుగుతాడా?"

తిరుగుతాడన్నాను.

"క్లస్టర్ తలనొప్పి. అందులో మనిషి కుదురుగా ఉండలేడు. కొన్ని వారాలు రోజూ అదే వేళకి వస్తుంది, తర్వాత నెలల తరబడి కనపడదు."

నాలుగింటికి మాస్క్ పెట్టి ఆక్సిజన్ ఇచ్చారు. పావుగంటలో తగ్గింది. మా గుడిసెలో రెండు ఆక్సిజన్ సిలిండర్లు ఉండేవి. ఎవరికీ తట్టలేదు. ఆ మంచుగోడకి చచ్చుబడిన వేళ్లు, కుడిచేతికి మూడు, తీసేశారు.

వేసవిలో ఇద్దరం ఒకే రైల్లో విజయవాడ వచ్చాం. ప్లాట్‌ఫాం మీద అతని భార్య ఎదురొచ్చింది. "అక్కడ మీరే చూసుకున్నారటండీ. మీరు లేకపోతే ఈయన దక్కేవారు కాదట" అంటూ చేతులు జోడించింది. అతను ఇంట్లో అలా చెప్పాడు. పక్కన అతను మిగిలిన రెండు వేళ్లతో ట్రంకుపెట్టె ఎత్తుతున్నాడు. జారిపోతోంది. మళ్లీ వంగి ఎత్తుతున్నాడు.