ఇనుము తాగిన నీళ్లు

మా తమ్ముడు పికప్ కొన్నది చీనీ చెట్ల కోసం. కొన్న మర్నాటికే ఆ సంగతి మరిచిపోయాడని నా వాదన. మరవలేదని అతని వాదన. అది ఇప్పటికీ తేలలేదు.

కుందుర్పి దగ్గర మిట్ట మీద మా తోట. బత్తాయినే మా వైపు చీనీ అంటాం. నాయన పోయాక సగం అతనిది, సగం నాది. సేద్యం మాత్రం మొత్తం అతనిదే. నేను కళ్యాణదుర్గంలో ఎరువుల అంగడి నడుపుతూ సలహాలు ఇస్తుంటాను. అడక్కపోయినా ఇస్తానని మా మరదలి ఫిర్యాదు. ఆ ఏడు ఎండలు ముదరకముందే బోరు వట్టిపోయింది. కాపు పోతే ఒక ఏడాదితో పోతుంది. చెట్టే పోతే మళ్లీ కాయ చూడటానికి ఏళ్లు పడుతుంది. మిట్ట కింద మా చిన్నాన్న బోరులో ఇంకా నీళ్లున్నాయి, తోలుకోమన్నాడు. ట్రాక్టర్లన్నిటినీ పెద్ద తోటలవాళ్లు ముందే మాట్లాడుకున్నారు. అందుకని పికప్, దాని వెనక తగిలించడానికి ఒక చిన్న టాంకరు. వానలు పడేదాకా చెట్ల ప్రాణం నిలపాలి. పని అంతే.

మా వైపు కంపెనీ తొట్టితో బండి తెచ్చుకోవడం నామోషీ. ముందు క్యాబిను, కింద ఛాసిస్ మాత్రం తీసుకుని నేరుగా బాడీ కట్టే షెడ్డుకు తోలుతారు. అక్కడ చేరిన మగవాళ్లు చెప్పే సలహాల ముందు, పెళ్లికూతురికి నగలు ఎంచే ఆడవాళ్లు ఎందుకూ పనికిరారు. పలచటి రేకు సొట్టలు పడుతుందని ఒకరు, అల్యూమినియం అయితే తపేలాలకు పనికొస్తుందని ఇంకొకరు. తమ్ముడు అందరి మాటా విన్నాడు. అడుగున మందపాటి గళ్ల రేకు, పక్కల ఎత్తయిన ఇనుప చట్రాలు, ముందు ఎద్దు పొడిచినా వంగని గార్డు, క్యాబిను నెత్తిన క్యారియరు, అది ఎక్కడానికో నిచ్చెన, పనిముట్లకో పెట్టె. బండి ఇంటికొచ్చాక గుమ్మడికాయ కొట్టారు. నేను చుట్టూ తిరిగి చూసి, ఇది నీళ్లు తోలడానికా, బండలు తోలడానికా అని అడిగాను. మంచి పూటా వదిన నోరు ఊరుకోదు గదా అంటూ మరదలు లోపలికి పోయింది.

నీళ్లు తోలడం మొదలుపెట్టగానే తెలిసింది. టాంకరు నిండుగా ఉంటే మిట్ట సగం ఎక్కేసరికి ఇంజను రొప్పేది. క్లచ్ కాలిన వాసన వచ్చేది. సగం నింపితేనే పైకి చేరేది. ఆ సగం నీళ్లు కింది వరసలకే సరిపోయేవి. పై వరసల్లో ఆకులు ముడుచుకుపోతున్నాయి. తమ్ముడు ఇంజనును తిట్టాడు, అమ్మినవాళ్లను తిట్టాడు, చివరకు రోడ్డును కూడా తిట్టాడు.

ఖాళీ బండిని వేబ్రిడ్జి మీదికి ఎక్కించమన్నాను. గొణుక్కుంటూనే కళ్యాణదుర్గం తెచ్చాడు. మామూలు తొట్టి ఉన్న బండి కంటే ఇది ఎంత ఎక్కువ తూగిందో చూశాక తూకం చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మేము టాంకరులో నింపకుండా వదిలేస్తున్న నీళ్లు కూడా ఇంచుమించు అంత బరువే ఉంటాయి.

"ఇంజను లాగేది మొత్తం కలిపి ఇంత అని ఉంటాదిరా. దాంట్లో బండి తిన్నంత తినగా మిగిలిందే టాంకరుకు," అన్నాను. "నువ్వు ఇనుముకు పెట్టి చెట్లను పస్తు పెట్టినావు."

"బండి బరువుగా ఉండాలక్కా. తేలిక బండికి టాంకరు కడితే, దిగేటప్పుడు అదే దీన్ని తోసుకోని పోతాది."

దిగేటప్పుడు టాంకరు ఖాళీగా ఉంటుందని గుర్తుచేశాను. అతను టీ తాగకుండానే వెళ్లిపోయాడు.

విప్పడానికి షెడ్డుకు పోతే నలుగురూ నవ్వుతారని ఇంటి దగ్గరే స్పానర్లు ముందేసుకుని కూర్చున్నాడు. నిచ్చెన, క్యారియరు, పెట్టె, చట్రాలు ఒక్కొక్కటే ఊడాయి. గార్డు దగ్గర చెయ్యి ఆడలేదు. దారిలో అడవిపందులు అడ్డమొస్తాయన్నాడు. పందికి భయపడి చెట్లను చంపుకుంటావా అన్నాను. ఆ గార్డు మీద మా వాదన కొన్నాళ్లు నడిచింది. ఆఖరికి అదీ ఊడింది.

తేలికపడిన బండి నిండు టాంకరుతో మిట్ట మొదట్లో బాగానే ఎక్కింది. మలుపు దగ్గర గరుసు నేల మీద వెనక చక్రాలు ఉన్నచోటే తిరగడం మొదలుపెట్టాయి. గులకరాళ్లు ఎగిరి టాంకరుకు కొట్టుకున్నాయి. తమ్ముడు దిగి నా ముఖం చూశాడు. ఆ వేసవిలో అతను నవ్వడం అదే మొదలు.

"ఏమక్కా, సైన్సు చదివినావు గదా. బరువు వద్దంటివి. ఇప్పుడు చక్రం దేన్ని పట్టుకోవాల?"

పైన బరువు లేకపోతే చక్రం నేలను పట్టదని నాకు తెలియక కాదు. ఆ ఎండలో, అతని ముందు ఒప్పుకోవడం నావల్ల కాలేదు. అతను మళ్లీ చట్రాలు బిగిస్తానని బయలుదేరాడు.

"బరువే కావాలంటే ఇనుమే కావాల్నా? డ్రమ్ములకు నీళ్లు పోసి ఎక్కించుకో. చెట్లు ఇనుము తాగవు."

ఎగతాళికే అన్నాను. మర్నాడు పొద్దున నేను పోయేసరికి, వెనక ఇరుసుకు సరిగ్గా పైన డ్రమ్ములు నిలబెట్టి, మోకులతో బిగించి ఉన్నాడు. అన్నీ నిండా నీళ్లు. ఆ మేరకు టాంకరులో తగ్గించాడు. బండి మలుపు దగ్గర ఒకసారి గుంజుకుని, తర్వాత ఎక్కేసింది. టాంకరు నీళ్లు కింది వరసలకు వదిలి, డ్రమ్ముల నీళ్లు బిందెలతో ముంచి పై వరసల పాదుల్లో పోశాము. మరదలు కూడా వచ్చి పోసింది, నాతో మాట్లాడకుండా.

వానలు పడేదాకా అలాగే తోలారు. ఆ ఇనుప చట్రాలు ఇప్పుడు మరదలి మేకల దొడ్డికి గోడలు. గార్డు గోడకు ఆనించి ఉంది. దాని మీద గుడ్డలు ఆరేస్తారు. డ్రమ్ముల ఉపాయం తనదేనని తమ్ముడు ఊరంతా చెప్పుకున్నాడు. ఎగతాళికి అన్న మాట ఉపాయం కింద రాదట. కొత్తగా పికప్ కొనేవాళ్లు ఎవరైనా అడిగితే, "ఇనుము తగ్గించుకోప్పా, ఆ బరువు సరుక్కు ఉండనీ" అని, తానే కనిపెట్టినట్టు చెబుతుంటాడు.

పై వరస చివర కొన్ని చెట్లు పోయాయి. వాటి నీళ్లు ఇనుము తాగిందని నేనంటాను. గార్డు మీద నాతో వాదిస్తూ కూర్చున్న రోజుల్లో పోయాయని అతనంటాడు. ఈ ఏడు ఆ గుంతల్లోనే కొత్త అంట్లు నాటాము. ప్రస్తుతానికి వాటికీ డ్రమ్ముల నీళ్లే.