ఆవిరి లేచే మడి

కామారెడ్డి బజారు ఊడ్చే సాలవ్వ ఎవరు పిలిచినా ముందు చీపురు కింద పెట్టేది. శుభ్రంగా ఉన్న చేతులనే మళ్లీ కొంగుకు తుడుచుకునేది. కుళ్లిన కూరలు, పేడ, పొట్టు గంపకెత్తుకుపోయి, గుడిసె వెనక గుంతలో తొక్కి, పైన మన్ను పోసి, విత్తులు చల్లి, తాటాకు కప్పు వేసేది. అడుగున పుట్టే వేడికి పుష్యమాసపు చలిలోనూ కొత్తిమీర, వంగనారు పచ్చగా లేచేవి.

ఒక పొద్దున కప్పు సందుల్లోంచి ఆవిరి రావడం చూసిన వాళ్లు, సాలవ్వ బాణామతి చేస్తోందన్నారు. నిరుడు పక్క ఊళ్లో ఆ మాట మీదే ఒక ముసలమ్మ మంత్రాలు పలకకుండా పళ్లు రాలగొట్టారు. ఊరి పోలీసు పటేలు నలుగురితో వచ్చేసరికి సాలవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఏందే ఇది? మంట లేకుండ పొగ ఎట్ల లేస్తది?"

"చెత్త మురిగితె ఉడుకుతది, నీ బాంచెన్. చెయ్యి పెట్టి చూడు పటేలా."

ఎవరూ కదల్లేదు. ఆమే మోచేతిదాకా చెయ్యి దించి, ఆవిరి కక్కే నల్లటి ఎరువు గుప్పెడు తీసి చాపింది. పటేలు వేలితో తాకాడు. వెచ్చగా ఉంది. కాసేపు మొక్కలవైపు చూసి, "మా పెరట్లకు గూడ నారు పంపు" అని వెళ్లిపోయాడు.

నారు పంపింది. అయినా ఆ చలికాలమంతా జనం లేవకముందే లేచి, కప్పు సందులన్నీ తడి గోనెలతో మూసేది.