ఖాజాగూడ దారిలో ముందు వెళ్లిన బండి

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు భయం కాదు, చిరాకు. నర్సుగా శవాల గదికి ఒంటరిగా ఎన్నోసార్లు వెళ్లొచ్చినదాన్ని. అక్కడ నన్ను ఏడిపించినవి దోమలే. ఎవరైనా "మాకు తెలిసినవాళ్లకు ఇలా జరిగిందట" అని మొదలుపెడితే, నా చెవిలో పువ్వేమైనా కనిపిస్తోందా అని అడిగేదాన్ని. ఇది చదివి మీరు నన్ను అదే మాట అడిగినా ఏమీ అనుకోను.

డెబ్బైల మొదట్లో, మదీనాగూడ దాటాక ఉన్న ఒక ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో పనిచేసేదాన్ని. మాది ఏలూరు దగ్గర ఊరు. మా ఆయనదీ అదే ఫ్యాక్టరీ కాబట్టి క్వార్టర్సు ఇచ్చారు. ఇప్పుడు అద్దాల మేడలు లేచిన వైపంతా అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు, మేకలు.

మా ఫ్యాక్టరీలో ఎర్రలైటు వెలిగితే ఎక్కడో మంటలు లేచాయని అర్థం. అందుకే అంబులెన్సు నెత్తిన ఎర్రది వద్దని, మెరిసి ఆరే తెల్లలైటు పెట్టించారు. ఆ చుట్టుపక్కల అలాంటి లైటు మరో బండికి లేదు. ఊళ్లవాళ్లు దాన్ని మెరుపుల బండి అనేవారు.

డ్రైవరు యాదగిరిది నార్సింగి. మంచివాడే కానీ పట్టింపులు ఎక్కువ. బండిలో ప్రాణమున్న మనిషి ఉంటే పట్టపగలైనా ఆ లైటు మెరవాల్సిందే. దారిలో ప్రాణం పోతే వెంటనే ఆర్పేసి, బండిని నెమ్మదిగా నడిపేవాడు. "బతికున్నోళ్లకే దారి అడగాలె నర్సమ్మా, పోయినోళ్లకు తొందరేముంది" అనేవాడు. రానురాను జనానికీ అది తెలిసిపోయింది. లైటు మెరుస్తూ వస్తే ఎడ్లబండ్లు పక్కకు లాగేవారు. ఆరిపోయి మెల్లగా వస్తే ఆగి దండం పెట్టేవారు. నాకు ఇదంతా నవ్వులాటగా ఉండేది.

మా చెల్లెలు విజయ తొలికాన్పుకు నా దగ్గరికే వచ్చింది. అమ్మ లేదు కాబట్టి దానికి పుట్టిల్లన్నా నేనే. వట్టి వాగుడుకాయ. నోటికి తాళం వెయ్యవే తల్లీ అని రోజుకోసారైనా తిట్టేదాన్ని. నెలలు ఇంకా నిండలేదు. ఒక చలికాలం పొద్దున, మా ఆయన డ్యూటీకి వెళ్లాక, నేను పాలు కాస్తుంటే గదిలోంచి "అక్కా" అంది. అంతే, ఇంకో మాట లేదు. వెళ్లి చూస్తే చీరా పరుపూ నెత్తుటితో తడిసిపోయి ఉన్నాయి.

ఎంత నెత్తురు పోయిందో, ఇంకెంత పోతే మనిషి దక్కదో నాకు తెలుసు. తెలియకుండా ఉంటే ఎంత బాగుండేదో. గోడకున్న మా ఆయన స్వెట్టరు తొడుక్కుని, గుండీలు ఎలా పెట్టుకున్నానో కూడా చూసుకోకుండా, యాదగిరిని పిలిపించి, విజయను అంబులెన్సు ఎక్కించి పక్కన కూర్చున్నాను.

మదీనాగూడ దగ్గర లారీ ఒకటి అడ్డంగా పడి రోడ్డు మూసుకుపోయింది. యాదగిరి బండి తిప్పి, కొండాపూరు మీదుగా ఖాజాగూడ వెళ్లే మట్టిదారి పట్టాడు. అతని అత్తగారిది ఖాజాగూడే. అక్కడినుంచి గోల్కొండ పక్కగా పోతే పెద్దాసుపత్రి చేరవచ్చని అన్నాడు.

రాళ్ల మధ్యకు వచ్చేసరికి మంచు కమ్మేసింది. తెల్లవారి చాలాసేపైంది, అయినా నాలుగు బారల అవతల ఏమీ కనిపించడం లేదు. డ్రైవరు సీటు వెనక చిన్న అద్దాల కిటికీ ఉంటుంది. అందులోంచి చూస్తుంటే ముందు తెల్లగా మెరిసింది. ఆరింది. మళ్లీ మెరిసింది. ఆ వెలుగులో ఒక బండి వెనకభాగం లీలగా కనిపించి పోతోంది.

"ఎవరిది ఆ బండి?" అన్నాను.

"గసొంటి బండి మనది ఒక్కటే గదమ్మా" అన్నాడు యాదగిరి.

మన లైటే మంచు మీద పడి అలా కనిపిస్తోందిలే, పోనీ అన్నాను.

అంతలో ఒక గుంతలో బండి ఎగిరిపడి మా లైటు ఆరిపోయింది. పక్కన రాళ్ల మీద పడుతున్న మెరుపు ఆగిపోవడంతో తెలిసింది. ముందున్నది మాత్రం మెరుస్తూనే ఉంది.

యాదగిరి బండి ఆపేశాడు. ముందు బండీ ఆగింది. బండిలో ప్రాణముండగా లైటు లేకుండా అడుగు కదపనని, టాపు ఎక్కి తీగలు చూడసాగాడు. తిట్టడానికి నోరు తెరిచాను, కానీ అప్పటికే నా ధ్యాసంతా వేళ్ల మీద ఉంది. విజయ నాడి సన్నబడుతోంది. సన్నబడి, ఆగిపోయింది. వేళ్లు జరిపి చూశాను. మెడ దగ్గర పట్టి చూశాను. లేదు. "విజ్జీ, ఏదో ఒకటి వాగవే" అని బతిమాలాను.

పైన తీగ తగిలింది. మా లైటు మెరిసింది. సరిగ్గా అప్పుడే ముందు బండి లైటు ఆరిపోయింది. రెండూ ఒక్క క్షణంలో జరిగాయి, నేను కళ్లారా చూశాను. నా వేళ్ల కింద నాడి ఒకసారి కొట్టుకుంది, తర్వాత ఇంకోసారి.

ముందు బండి కదిలింది. లైటు లేకుండా, మెల్లగా, మంచులోకి వెళ్లిపోయింది. యాదగిరి టాపు దిగి వచ్చి బండి తీశాడు.

ఖాజాగూడ చెరువుకట్ట మీద పాలబిందెలతో కొందరు ఆడవాళ్లు చేతులు జోడించి నిలబడి ఉన్నారు. మా లైటు మెరుస్తూనే ఉంది. యాదగిరికి ఒళ్లు మండి, "ఏందమ్మా, మనిషి బతికే ఉంటే దండం పెడతరేంది" అని కసిరాడు. వాళ్లలో ఒక ముసలమ్మ, "మీకు గాదు బిడ్డా, ముందుగాల పోయిన బండికి" అంది. ఆగి అడిగే తీరిక మాకు లేదు.

విజయ దక్కింది. ఆడపిల్ల పుట్టింది. మెలకువ రాగానే కాఫీ అడిగింది, ఇవ్వనందుకు అలిగింది కూడా. ఆ వరండాలో కూర్చుని ఎంతసేపు ఏడ్చానో నాకే తెలియదు.

తల్లినీ బిడ్డనూ ఇంటికి తీసుకొచ్చే రోజు, ఆ దారినే పోదామని యాదగిరితో నేనే అన్నాను. కట్ట మీద ఆ ముసలమ్మ కనిపించింది. దిగి, ఆ పొద్దున ముందు వెళ్లిన బండి ఎక్కడిదని అడిగాను.

ఆమె నన్ను జాలిగా చూసి, "ఆ బండ్ల నువ్వే ఉంటివి గదమ్మా, ఎవరు సచ్చిపోయిండ్రు నీకు?" అంది. ఎవరూ పోలేదన్నాను. "గిక్కడనే ఆపి, గాలి ఆడాలని ఎనక తలుపు తెరిచిండ్రు. మొగోళ్ల స్వెటరు ఏసుకొని ఏడ్సుకుంట కూసున్నవ్. గుండీలు సుత సక్కగ లెవ్వు. నీ ఒళ్ల ఉన్న పిల్ల మొకం మీద దుప్పటి కప్పుతుంటివి." అంటూనే బండిలోకి తొంగిచూసింది. బిడ్డను పక్కన వేసుకుని నిద్రపోతున్న విజయను చూడగానే రెండడుగులు వెనక్కి వేసి, బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు ఇంటి దగ్గర మూసిన వెనక తలుపును ఆసుపత్రిలోనే తెరిచాం. దాని అద్దాలకు తెల్లరంగు పూసి ఉంటుంది, బయటివాళ్లకు లోపల ఏముందో కనిపించదు.

కంగారులో నాడి దొరకలేదేమో అంటే ఒప్పుకుంటాను. మంచులో కళ్లు మోసపోయాయన్నా సరే. ఆ ముసలమ్మ మాటకే నా దగ్గర జవాబు లేదు. ఇది విజయకు ఇప్పటికీ చెప్పలేదు. అది ఇంటికొచ్చి గలగలా వాగుతూ కూర్చుంటే నా కడుపు నిండిపోతుంది. తర్వాత ఆ ఇంకొకామె గుర్తొస్తుంది. చెల్లెలి మొహం మీద దుప్పటి కప్పి మంచులోకి వెళ్లిపోయిన ఆ మనిషి ఎక్కడ దిగిందో, ఏ ఇంటికి వెళ్లి ఎవరికి ఏం చెప్పుకుందో నాకు తెలియదు.